ప్లే థెరపీ కోర్సు: ఫీజంతా సూపర్‌విజన్‌కే ఇచ్చినట్టు

ప్లే థెరపీ అంటే ఆట ద్వారా పిల్లల మనసుకి చేసే చికిత్స. అది నేర్పే సర్టిఫికెట్ కోర్సు ఒకటి నేను చేశాను, దాని గురించే ఇది. ఈ పద్ధతికి బాట వేసినవాళ్లలో ఒకరైన వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో చెప్పిన ఎనిమిది సూత్రాలు, బొమ్మల లిస్టు, ఇసుక ట్రే ఏ కోర్సులోనైనా ఉంటాయి, వాటి జోలికి పోను. ఇన్నాళ్లు పని చేశాక నాకు మిగిలింది సూపర్‌విజన్ ఒక్కటే. అంటే, పిల్లలతో మన సెషన్ వీడియో తీసి పట్టుకెళ్తే సీనియర్ థెరపిస్టు పక్కన కూర్చుని చూస్తారు.

నాలుగేళ్లు దాటిన ఒక బాబు చెక్క దిమ్మలన్నీ కిటికీ మీదికి విసిరేవాడు. ప్లే థెరపిస్టు గ్యారీ లాండ్రెత్ పద్ధతిలో మూడు మెట్లు ఉంటాయి: వాడికి ఏమనిపిస్తోందో పైకి అనాలి, హద్దు చెప్పాలి, బదులు దారి చూపాలి. ‘నీకు గట్టిగా విసరాలని ఉంది. కిటికీ ఉన్నది దిమ్మలు విసరడానికి కాదు. ఆ దిండు మీదికి విసరొచ్చు.’ దిండు మీదికి ఒకటి విసిరి, మళ్లీ కిటికీకే గురిపెట్టేవాడు. ఇంట్లో, బడిలో వాడికి మొండివాడని పేరు.

నాకు సూపర్‌విజన్ చేసిన మేడమ్ సౌండ్ తీసేసి వీడియో మళ్లీ వేశారు. వాడి కళ్లే చూడమన్నారు. దిమ్మ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ, విసిరే ముందు ఒక్క క్షణం నా మొహంలోకి చూస్తున్నాడు! ‘మీరు అరుస్తారా లేదా అని చూస్తున్నాడు, కిటికీతో వాడికి పని లేదు’ అన్నారావిడ. ఆ తర్వాత నేను మాటలు మార్చలేదు, కూర్చునే చోటు మార్చాను. నా మొహం బాగా కనపడేలా వాడికి ఎదురుగా నేల మీద కూర్చునేదాన్ని. విసరడం వెంటనే ఆగలేదు గానీ, కొన్నాళ్లకు నన్ను చూసి నవ్వి దిండు మీదికే వేయడం మొదలుపెట్టాడు.

అప్పట్లో ఈ కోర్సు గురించి అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని చేరిపొమ్మన్నాను. ఇప్పుడు అంత ధాటిగా అనను. వీడియోకి తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అది సబబే. చాలామంది ఒప్పుకోరు, అదీ సబబే. సర్టిఫికెట్ చేతికొచ్చాక సూపర్‌విజన్‌కి గంటకింతని మన జేబులోంచే కట్టాలి.

కోర్సులో తల్లిదండ్రులతో పని అనే భాగాన్ని ఒక పూటలో ముగించారు. అమెరికా సైకాలజిస్టులు గెర్నీ దంపతులు 1960ల్లోనే అమ్మానాన్నలకే ఆట సెషన్లు నడపడం నేర్పారు కదా! మా సెంటర్‌కి పిల్లల్ని ఎక్కువగా అమ్మమ్మలు తీసుకొస్తారు. ‘ఆడించడానికి ఫీజా అమ్మా? ఇవాళ ఏం నేర్పారు?’ అంటారు. దానికి జవాబు నాకు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. బ్రోషర్‌లో పసిపిల్లల నుంచి అని రాశారు గానీ, మూడేళ్ల లోపువాళ్ల సంగతి క్లాసులో మెల్లగా జారిపోయింది. ఆ వయసులో అమ్మ గదిలో లేకుండా ఏం చేస్తాం?

నాకు ముందే సైకాలజీలో ఎంఏ ఉంది, జీతమిచ్చే సెంటర్ ఉంది, విడిగా ఒక గది ఉంది. అందుకే గిట్టుబాటైంది. ఈ సర్టిఫికెట్‌తో ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ రాదు, క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవచ్చనుకుంటే వద్దు. చేరాలనుకుంటే మాత్రం సూపర్‌విజన్ ఎన్ని గంటలో, విడిగానో గుంపులోనో ఫీజు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. గుంపైతే మీ వీడియో వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది.