మా పర్లాకిమిడి వాద్యబృందం: ఏడాది విన్నాక

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో హార్మోనియంలు బాగుచేస్తాను. మా నాన్నగారి నుంచి వచ్చిన పని. రీడు కొన దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. 38 ఏళ్ళుగా అదే చేస్తున్నాను కాబట్టి ఏ కచేరీకి వెళ్ళినా నా చెవి ముందు శ్రుతి మీదకే పోతుంది, పాట ఆ తర్వాతే. ఇంకో సంగతి కూడా మొదటే చెప్పాలి. ఈ బృందం వాళ్ళ హార్మోనియం ఒకటి, శ్రుతిపెట్టెలు రెండు నేనే బాగుచేసి డబ్బు తీసుకున్నాను. కచేరీలకు మాత్రం ప్రతిసారీ 50 రూపాయల టిక్కెట్టు కొనుక్కునే వెళ్ళాను.

ఇది ఊరివాళ్ళు కలిసి నడుపుకుంటున్న బృందం. వెనక ఏ సంస్థా లేదు, గ్రాంటూ లేదు. మొత్తం 21 మంది. తొమ్మిది వయొలిన్లు, రెండు వీణలు, రెండు వేణువులు, ఒక క్లారినెట్టు, ఒక సన్నాయి, మృదంగం, ఘటం, మర్దళ అనే ఒడియావాళ్ళ మద్దెల. ముగ్గురు పాడతారు. సగం మంది ఇళ్ళలో తెలుగు, సగం మంది ఇళ్ళలో ఒడియా. స్కూలు మాస్టార్లు ఉన్నారు, మందుల షాపు ఆయన ఉన్నారు, కరెంటు పని చేసే కుర్రాడూ ఉన్నాడు. నెలకొక కచేరీ చేస్తారు. జనవరిలో త్యాగరాజ ఆరాధనకు రెండు రోజుల ఉత్సవం పెడతారు. మధ్యలో చుట్టుపక్కల కళాకారులతోనూ పిల్లలతోనూ కలిసి పనిచేస్తారు. ఈ మూడూ ఒక్కలా లేవు.

మొదటిసారి విన్నది పోయిన ఆషాఢంలో. తోడి రాగంలో త్యాగరాజ కృతి ఎత్తుకున్నారు. వినడానికి కష్టంగా ఉండింది. తోడిలో గాంధారం, అంటే 'గ', ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగుతూనే ఉండాలి. ఒక్క వయొలిన్ మీద ఆ ఊపే ప్రాణం. తొమ్మిది మంది తొమ్మిది రకాలుగా ఊపితే, చెరువులో తొమ్మిది రాళ్ళు ఒకేసారి వేసినట్టు అలలన్నీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పైగా ముసురు పట్టిన రోజు. మృదంగం చర్మం మెత్తబడి, ప్రతి పాటకీ ముందు ఆయన రాయితో అంచులు కొట్టుకుంటూ కూర్చున్నారు.

మన సంగీతాన్ని గుంపుగా వాయించడంలో అసలు చిక్కు ఇదే. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాలో ఒక్కో వరసకు ఒక్కో స్వరం రాసి ఉంటుంది, అన్నీ కలిసి నిండుగా వినిపిస్తాయి. మనది ఒకే ధార. కాగితం మీద 'గ' అని రాసుకున్నా, ఆ 'గ' ఎలా పలకాలో కాగితం చెప్పదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందం పెట్టినప్పుడు మొదట రవిశంకర్ గారు నడిపారు, తర్వాత మన ద్రాక్షారామం వైణికులు ఈమని శంకరశాస్త్రి గారూ నడిపారు. అంతటివాళ్ళు పట్టించుకోవలసి వచ్చిన పని ఇది. ఆదివారాలు మాత్రమే కలిసే మనుషులు చేయగలరని నేను అనుకోలేదు.

కార్తీకంలో మళ్ళీ వెళ్ళాను. అదే కృతి. పల్లవి రెండో సంగతికి, అంటే అదే వరసను కొంచెం మార్చి వాయించే చోటికి, వచ్చేసరికి నిటారుగా కూర్చున్నాను. తొమ్మిది మంది గాంధారమూ ఒక్కటిగా ఊగుతోంది. ఏం చేశారో చూద్దామని తర్వాతి ఆదివారం రిహార్సల్‌కి వెళ్ళాను. వయొలిన్లు పెట్టెల్లోనే ఉన్నాయి. గంటసేపు అందరూ నోటితోనే పాడారు, మృదంగం ఆయన కూడా. ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే కమాను తిరగాలని గుర్తులు పెట్టుకున్నారు. నడిపించే టీచరమ్మ విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్నారు, 1919 నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన కళాశాల అది. ఒక కుర్రాణ్ణి ఆవిడ నాలుగుసార్లు ఆపి, "వాయించకు బాబూ, ముందు పాడు. గొంతులో ఉంటేనే వేలికి వస్తుంది" అన్నారు. ఐదోసారి వాడికి వచ్చింది.

నెల కచేరీల్లో నాకు అన్నిటికన్నా నచ్చినవి నొట్టుస్వరాలు. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో ఉన్న రోజుల్లో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు అక్కడే ఒక తెల్లాయన దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు, అలా అది మన కచేరీల్లోకి వచ్చింది. 'సంతతం పాహి మాం' అనేదానికి ఇంగ్లాండు రాజుగారి గీతం బాణీయే. ఇవన్నీ శంకరాభరణం స్వరాలు, స్వరాన్ని ఊపే గమకాలు దాదాపు ఉండవు, కాబట్టి గుంపుకు బాగా కుదురుతాయి.

ఈ బృందంలో క్లారినెట్టు వాయించేది ఒక పెళ్ళిబ్యాండు మేస్త్రి. ముప్పై ఏళ్ళు ఊరేగింపుల్లో నడుస్తూ వాయించిన మనిషి. బ్యాండువాళ్ళ బాణీ దీక్షితుల చేతి మీదుగా తిరిగి తిరిగి, రెండు వందల ఏళ్ళకు మళ్ళీ ఒక బ్యాండు మనిషి దగ్గరికి వచ్చిందని నాకు తోచింది. ఆయన ఒక్కరే మొదటి వరస ఎత్తుకున్నారు, రెండో వరసకు వయొలిన్లు వచ్చి కలిశాయి. ఊపిరి ఎక్కడా తెగలేదు. ఆయన భార్య నా ముందు కుర్చీలో ఉన్నారు. వెనక్కి తిరిగి, "ఈయన కూర్చుని వాయిస్తుంటే చూడ్డం ఇదే మొదటిసారి అన్నయ్యా" అన్నారు.

ఉత్సవాన్ని మాత్రం అంతగా మెచ్చుకోలేను. మొదటి రోజు 50 నిమిషాలు ఉపన్యాసాలకే పోయాయి, వెనక వరసల్లో పిల్లలు నిద్రపోయారు. సౌండు సిస్టం బయట ఊరి నుంచి తెప్పించారు. వీణకు ఎకో పెట్టారు. మీటు మీద మీటు పడి ఏ స్వరం ఎక్కడ ముగిసిందో తెలియలేదు. అతిథిగా వచ్చిన రిథమ్ ప్యాడ్ శబ్దంలో ఘటం అసలే వినబడలేదు. వీణ వాయించే అమ్మాయి చూపంతా మిక్సరు దగ్గర కూర్చున్న కుర్రాడి మీదే ఉంది, సౌండు తగ్గించమని కళ్ళతో బతిమాలుతోంది. అంతకుముందు నెలలోనే అదే హాల్లో ఒక్క మైకుతో చివరి వరస దాకా వినిపించినవాళ్ళు ఇదంతా ఎందుకు పెట్టుకున్నారో నాకు అర్థం కాలేదు. వచ్చే ఏడాది వద్దని వాళ్ళకు నేరుగానే చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను.

రెండో రోజు పొద్దున్న త్యాగరాజస్వామి పంచరత్న కృతులు. పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి కూడా పాడేవాళ్ళు వచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది. అటూ ఇటూ బంధువులు ఒకే చాప మీద కూర్చుని పాడితే మనసు నిండింది. కానీ సాహిత్యం కాగితాలు ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేయించారు. దాంతో ల, ళ తేడా తెలుగు పిల్లలకే పోయింది. తెలుగులో కొన్ని, ఒడియా లిపిలో కొన్ని వేయిస్తే సరిపోతుంది. ఒడియాలోనూ 'ళ' ఉంది, ఆ పిల్లలు చక్కగా పలుకుతారు. ఆ సాయంత్రం త్యాగరాజ కృతి పక్కనే గోపాలకృష్ణ పట్టనాయక్ పాట పెట్టారు. ఆయన 1784లో పుట్టిన మా పర్లాకిమిడి కవి, త్యాగరాజస్వామి కాలంవారే. మర్దళ మీద ఆ పాట నడక వింటుంటే, ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి ఒక్క చరణం కూడా నేర్చుకోలేదే అని బాధ కలిగింది. ఇప్పుడు రెండు చరణాలు వచ్చు.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం మాత్రం ప్రహ్లాద నాటకం. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని జలంత్రకోట రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద నడుస్తున్న నాటకం అది. గంజాం పల్లెల్లో మెట్ల వేదిక కట్టి రాత్రంతా ఆడతారు. ఒడియా నాటకమే అయినా పాటల్లో మన రాగాలు తగులుతూ ఉంటాయి. ఒక నాటకం జట్టుతో కలిసి ఫాల్గుణంలో బడి మైదానంలో వాయించాలని బృందం అనుకుంది. మొదటి రిహార్సల్‌లోనే శ్రుతి కలవలేదు. జట్టువాళ్ళ ముఖవీణ, అంటే సన్నాయిలాంటి చిన్న ఊదే వాద్యం, ఒకటిన్నర శ్రుతికీ రెండు శ్రుతికీ మధ్యలో ఎక్కడో ఉంది. తయారైనప్పుడు ఖాయమైన శ్రుతి అది, మార్చడానికి వీల్లేదు. వేరే ముఖవీణ తెచ్చుకోమని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు. టీచరమ్మ తన వయొలిన్ తీసి ఆ ముఖవీణకు బిగించుకున్నారు, మిగతా ఎనిమిది మందీ ఆవిణ్ణి చూసి బిగించుకున్నారు. రెండు తీగలు తెగాయి.

హార్మోనియం నాకు ఇచ్చారు. రెండేసి రీడ్ల పెట్టె, మొత్తం డెబ్బైకి పైగా రీడ్లు. ఒక్కొక్కటీ కొన దగ్గర కొంచెం కొంచెం గీకాను. రెండు రాత్రులు పట్టింది. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. గమకం పలకదని రేడియోవాళ్ళు 1940లో దాన్ని నిషేధించారు, 1971 దాకా ఎత్తలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన చాలాసేపు మాట్లాడేవారు కాదు. తోడికి హార్మోనియం పనికిరాదన్నది నిజమే, ఈ బృందం కూడా తోడికి దాన్ని పక్కన పెడుతుంది. కానీ ఆ రాత్రి హిరణ్యకశిపుడు మెట్లు దిగుతుంటే ముఖవీణ, నేను గీకిన హార్మోనియం, తొమ్మిది వయొలిన్లు ఒకే శ్రుతిలో లేచాయి. నాన్నగారు ఉంటే బాగుండేదని అనుకున్నాను.

పిల్లల సంగతి ఒకటి మిగిలింది. ఆదివారం రిహార్సల్‌కి ముందు గంటన్నర ఉచితంగా నేర్పుతారు, చిన్న సైజు వయొలిన్లు ఇంటికి కూడా ఇస్తారు. మా మేనకోడలి కూతురు నాలుగు నెలలుగా వెళ్తోంది. వయొలిన్లు ఆరే ఉన్నాయి, పిల్లలు పద్నాలుగు మంది, వారం విడిచి వారం దొరుకుతుంది. పాత వయొలిన్ ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే ఇవ్వండి. బిరడాలు వదులైనా, వంతెన విరిగినా పర్వాలేదు, నా దగ్గరికి పంపితే సరిచేసి ఇస్తాను.

కచేరీ నెలనెలా రెండో శనివారం సాయంత్రం ఆరున్నరకి. ముందు వరస కన్నా నాలుగో వరసలో కూర్చుంటే వీణ బాగా వినిపిస్తుంది. పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు తిరుగు ఆటో ముందే మాట్లాడుకోండి, తొమ్మిది దాటితే దొరకదు.