గ్రాండ్ కేనియన్ బస్సు టికెట్ కొనేవాళ్లు జాగ్రత్త: ఏ అంచుకో తేల్చుకోకుండా డబ్బు కట్టకండి

లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కేనియన్‌కు ఒక్కరోజు బస్సు యాత్ర కొనబోతున్నవారు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం కొంటున్నవారు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. మాకు ప్రకటనలో చూపించింది ఒక చోటు, బస్సు దింపింది మరో చోటు. ఆ రెండింటి మధ్య రోడ్డు మీద నాలుగు గంటలకు పైగా ప్రయాణం ఉంది.

కొలరాడో నది అరిజోనా ఎడారి పీఠభూమిని కోసుకుంటూ పోయిన ఈ లోయ పొడవు 277 మైళ్లు. ఇందులో ఏ మూల నిలబడినా అది గ్రాండ్ కేనియనే. అమ్మేవాళ్లు ఆడుకునేది సరిగ్గా ఈ మాటతోనే. ఫోటోల్లో, క్యాలెండర్లలో మనం చూసే లోయ చాలావరకు సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు నుంచి కనిపించేది. అది 1919లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనంలో ఉంది. వేగస్ నుంచి దాదాపు 280 మైళ్లు. గ్రాండ్ కేనియన్ వెస్ట్ అనేది వేరు. అది ఉద్యానవనంలో భాగమే కాదు, హువాలపాయ్ తెగవారి సొంత భూమి. 2007లో తెరిచిన గాజు వంతెన స్కైవాక్ ఉన్నది అక్కడే. వేగస్ నుంచి దాదాపు 130 మైళ్లు. జాతీయ ఉద్యానవనాల వార్షిక పాస్ మీ దగ్గర ఉన్నా అక్కడ చెల్లదు. దూరం సగానికి తగ్గితే బస్సు నడిపేవాడికి డీజిలూ డ్రైవరు గంటలూ ఎంత మిగులుతాయో చెప్పనక్కర్లేదు.

మేము కొన్న ప్రకటనలో మొట్టమొదటి ఫోటో డెజర్ట్ వ్యూ దగ్గరి రాతి బురుజు. మేరీ కోల్టర్ రూపకల్పన చేయగా 1932లో కట్టిన ఆ బురుజు సౌత్ రిమ్ తూర్పు కొసన ఉంటుంది. మా నాన్నగారు సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. టికెట్ కొన్న రోజు నుంచీ ఆయన ధ్యాసంతా ఆ బురుజు మీదే. చిన్నా పెద్దా రాళ్లు కలిపి ఎలా పేర్చారో ఫోన్లో ఫోటో పెద్దది చేసి అమ్మకు చూపించేవారు. బస్సు హైవే దిగి జాషువా చెట్ల మధ్యకు మళ్లాక, "ఆ బురుజు దగ్గర ఎంతసేపు ఆపుతారో కనుక్కో" అన్నారు. డ్రైవరు చాలా మర్యాదగానే చెప్పాడు: అది సౌత్ రిమ్‌లో ఉంది, ఈ బస్సు అటు వెళ్లదు, ఎప్పుడూ వెళ్లలేదు.

అక్కడి నుంచే కంపెనీకి ఫోన్ చేశాను. ఫోటోలు నమూనా కోసమేనని పేజీ అడుగున రాశామని జవాబు. యాత్ర పేరులో గ్రాండ్ కేనియన్ అని మాత్రమే ఉంది, వెస్ట్ అన్న మాట ఎక్కడా లేదు. ఎనిమిది వేల మైళ్ల దూరం నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల మనిషికి ఒక కట్టడాన్ని చూపిస్తామని ఊరించి, అది నమూనా బొమ్మ అంటే ఏమనాలి? నాన్నగారు ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇక టికెట్ సంగతి. 'ప్రవేశ రుసుముతో కలిపి' అన్నారు. స్కైవాక్ ఫోటో కూడా వేశారు. తీరా కౌంటర్ దగ్గరికి వెళ్లాక స్కైవాక్‌కు వేరే టికెట్ అని తేలింది, మనిషికి ఇంత అని మళ్లీ కట్టాం. గాజు మీదికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వలేదు, లాకర్లో పెట్టమన్నారు. అక్కడి ఫోటోగ్రాఫర్లు తీసిన ఫోటోలు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఇవి ఆ చోటి నియమాలు, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. ముందుగా చెప్పని ట్రావెల్ కంపెనీ మీదే నా ఫిర్యాదంతా. ఇంకొకటి కూడా తెలుసుకోండి. కాళ్ల కింద నది పారుతూ కనిపిస్తుందని అమ్మ అనుకుంది. స్కైవాక్ ఉన్నది పక్క లోయ మీద, కింద కనిపించేది ఎండిన రాయి. నది పక్కకు, దూరంగా కనిపిస్తుంది.

నదిని సరిగ్గా చూడాలంటే అక్కడే ఉన్న గ్వానో పాయింట్‌కు వెళ్లాలి. ఒకప్పుడు గబ్బిలాల రెట్టను ఎరువు కోసం లోయ అవతలి గుహ నుంచి తాళ్ల మీద మోసుకొచ్చిన యంత్రాల శిథిలాలు ఇంకా అక్కడ ఉన్నాయి. మూడు వైపులా లోయ, అడుగున గోధుమరంగు నది. నిజంగా గొప్ప చోటు. హువాలపాయ్ సిబ్బంది అమ్మను చెయ్యి పట్టి మెట్లు దింపారు. వెస్ట్ చూడాలని కోరుకుని వెళ్లేవారికి అది మంచి యాత్రే. కానీ దారిలో దుకాణాల దగ్గర సమయమంతా తినేసి, ఇక్కడికొచ్చేసరికి ఎక్కండి ఎక్కండి అని తొందరపెట్టారు. చలికాలంలో అరిజోనా గడియారం వేగస్ ఉన్న నెవాడా కంటే ఒక గంట ముందుంటుంది. టికెట్ మీద రాసిన వేళలు ఏ రాష్ట్రానివో తప్పక అడగండి. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదు దాటితే పొద్దు గూకుతుంది.

కొనేముందు కంపెనీకి ఈమెయిల్ రాయండి. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. సౌత్ రిమ్‌కా, వెస్ట్‌కా? సౌత్ రిమ్ అయితే మేథర్ పాయింట్ అనే వ్యూపాయింట్‌తో పాటు ఇంకెక్కడ ఆపుతారు? లోయ అంచున అచ్చంగా ఎన్ని గంటలు ఉంటాం? ఏ టికెట్లు కలిసి ఉన్నాయి, ఏవి అక్కడ కట్టాలి? బస్సు నడిపేది మీరేనా, మరొకరికి అప్పగిస్తారా? మా విషయంలో అమ్మింది ఒకరు, నడిపింది ఇంకొకరు. ఫిర్యాదు చేస్తే ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించారు.

వేసవిలో వెళ్లేవారికి మరో మాట. సౌత్ రిమ్ నుంచి నది దాకా దిగి అదే రోజు పైకి రావడం అని ఎవరైనా అమ్మితే కొనకండి. ఒక్కరోజులో అలా చేయవద్దని ఉద్యానవనం వారే హెచ్చరిస్తున్నారు. అంచు దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి పైన చల్లగానే ఉంటుంది. దిగేకొద్దీ వేడి పెరిగి, అడుగున 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సౌత్ కైబాబ్ బాటలో తాగునీరు దొరకదు. పైగా ఎక్కడం తిరుగు ప్రయాణంలో, ఒళ్లు అలిసిపోయాక వస్తుంది.

ఇప్పటికే మోసపోయినవారు ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మేము ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకే మా పేజీలో బురుజు ఫోటో మాయమైంది. కంపెనీ తర్వాతి యాత్రకు తగ్గింపు కూపన్ ఇస్తానంది, మేము వద్దన్నాం. అమెరికా క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, చెప్పిన సేవ అందలేదని కార్డు సంస్థకు రాతపూర్వకంగా తెలపండి. ఆ ఖర్చు మొదటిసారి కనిపించిన బిల్లు పంపిన తేదీ నుంచి 60 రోజుల్లోగా అది వారికి చేరాలి. మా ఫిర్యాదు ఇంకా విచారణలో ఉంది.

వచ్చే సెలవులకు ఇప్పటికే టికెట్లు కొని ఉంటే, ఈ రాత్రే ఒకసారి తీసి చూడండి. చేరే చోటు గ్రాండ్ కేనియన్ విలేజ్ అని ఉంటే అది సౌత్ రిమ్. పీచ్ స్ప్రింగ్స్ అని గాని, ఈగిల్ పాయింట్ అని గాని ఉంటే అది వెస్ట్. ఏ చోటి పేరూ లేకపోతే, రద్దు గడువు ముగియకముందే వాళ్లను అడిగి ఈమెయిల్లో రాయించుకోండి.