రూట్‌తో ఆరేళ్లు: మంచిదే, సున్నాల దగ్గరే పేచీ

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. పగలు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను, రాత్రి రూట్ తెరుస్తాను. ఆరేళ్లుగా ఇదే వరస. కణ భౌతికశాస్త్ర ప్రయోగాల డేటాను విశ్లేషించడానికి 1990ల మధ్యలో యూరప్‌లోని పరిశోధన కేంద్రం సెర్న్‌లో రెనె బ్రన్, ఫోన్స్ రేడమేకర్స్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. పైసా ఖర్చు లేదు.

డేటాకూ కొదవ లేదు. సెర్న్‌లో కణాలను ఢీకొట్టి చూసే సీఎంఎస్ ప్రయోగం వాళ్లు 2014 నుంచి తమ డేటాను అందరికీ ఇస్తున్నారు. 2012 నాటి మ్యువాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ) జంటల ఫైల్ ఒక్కదాంట్లోనే 6 కోట్లకు పైగా ఘటనలు, అంటే నమోదైన ఢీలు, ఉన్నాయి. రూట్ కావలసిన కాలమ్‌లు మాత్రమే చదువుతుంది కాబట్టి నా పాత ల్యాప్‌టాప్ కూడా తట్టుకుంటుంది. జంట ద్రవ్యరాశికి హిస్టోగ్రామ్ (విలువలను బిన్‌లనే గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో చూపే గ్రాఫ్) గీస్తే 3.1 జీఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే కొలమానం) దగ్గర జే-సై, 9.46 దగ్గర అప్సిలాన్, 91 దగ్గర జెడ్ అనే కణాలు శిఖరాల్లా లేచి నిలబడతాయి. మొదటిసారి చూసినప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. పరకామణి సేవకు వెళ్లొచ్చిన మా మామయ్య, "ఇంతేనా? మేం చిల్లర ఏరి కుప్పలు పోసినట్టే కదా!" అనేశాడు. ఇప్పుడు క్లాసులో హిస్టోగ్రామ్‌ను అలాగే చెబుతున్నా.

ఇక బాధలు. ఫైల్ మూయగానే అందులోంచి తీసుకున్న హిస్టోగ్రామ్ మాయం! సెట్‌డైరెక్టరీ అని ఒక లైను రాస్తే పోయే సమస్యే, కానీ ఆ సంగతి తెలియక మొదటి నెలంతా జుట్టు పీక్కున్నాను. ఎర్రర్ మెసేజ్‌ల పొడుగు సంగతి సరేసరి.

అసలు దెబ్బ ఫిట్ దగ్గర, అంటే డేటాకు సరిపోయే గీతను అమర్చే చోట, తగిలింది. ఏమీ చెప్పకపోతే రూట్ కై-స్క్వేర్ ఫిట్ (గీతకూ బిన్‌లకూ ఉన్న తేడాల వర్గాలను తగ్గించే పద్ధతి) చేస్తుంది, సున్నా ఉన్న బిన్‌లను పక్కన పెట్టేస్తుంది. ఎక్కువ ద్రవ్యరాశి వైపు తోకలో బిన్‌లన్నీ దాదాపు సున్నాలే, అక్కడక్కడా ఒకటో రెండో. సున్నాలు తీసేశాక ఆ ఒకట్లే మిగిలి బ్యాక్‌గ్రౌండ్ (మనం వెతికే కణం వల్ల కాకుండా వచ్చే మామూలు ఘటనలు) ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. మూడు వారాలు కట్స్ (ఏ ఘటనలు ఉంచాలో తేల్చే షరతులు) మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి తెలిసిన బ్యాక్‌గ్రౌండ్‌తో వెయ్యి టాయ్ డేటాలు (కంప్యూటర్‌లో పుట్టించిన ఉత్తుత్తి డేటా) తయారుచేసి ఫిట్ చేస్తే, వెయ్యిలో చాలా వాటికి అదే తేడా. ఆప్షన్‌లో ఎల్ అనే ఒక్క అక్షరం పెట్టి సున్నాలనూ లెక్కలోకి తీసుకునే లైక్లీహుడ్ ఫిట్‌కు మారితే సర్దుకుంది. సున్నా కూడా ఒక కొలతే కదా, దాన్ని పారేస్తే ఎలా? మాన్యువల్‌లో ఉందిలెండి, చదవనిది నేనే.

బంప్ (గ్రాఫ్‌లో ఉబ్బు) కనపడగానే కొత్త కణమని ఎగిరి గంతేసే జబ్బు కూడా టాయ్‌లతోనే తగ్గింది. 5 సిగ్మా అంటే ఉత్త బ్యాక్‌గ్రౌండ్ అంతగా ఎగసే అవకాశం 35 లక్షల్లో ఒకటి. వంద చోట్ల వెతికితే 3 సిగ్మా ఎక్కడో ఒకచోట దొరకడం పెద్ద వింతేం కాదు. 2015 డిసెంబరులో సెర్న్‌లో 750 జీఈవీ దగ్గర రెండు ఫోటాన్ల (కాంతి కణాల) డేటాలో కనిపించిన బంప్, మరుసటి ఏడాది ఆగస్టుకల్లా కొత్త డేటాలో కరిగిపోయింది.

రూట్‌లో వాడే సి++ భాష అంటే భయమున్నవాళ్లు, పైథాన్‌లోంచి రూట్‌ను వాడనిచ్చే పైరూట్‌తో మొదలుపెట్టండి. క్లిష్టమైన ఫిట్‌లకు రూట్‌లోనే ఉన్న రూఫిట్ తర్వాత చూసుకోవచ్చు. నాకైతే ఐదుకు నాలుగు స్టార్లు. ఆ ఒక్కటీ కోసింది మూడు వారాల సున్నాలకే.