ఒక రేడియో, మూడు బండ్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను. బండిలో వినే ఉపగ్రహ రేడియో ఏ మోడల్ కొనాలా అని నెల రోజులు నేను పడ్డ టెన్షన్లో ముప్పావు వంతు దండగ. రేడియో డబ్బా ఏదైనా దాదాపు ఒకటే. బుర్ర పెట్టాల్సింది డాక్ దగ్గర (బండిలో రేడియోను తగిలించే స్టాండు), యాంటెనా దగ్గర, పాట బండి స్పీకర్లలోకి ఎలా వెళ్తుందన్న దగ్గర. ఆ మూడూ ముందు తెలిసుంటే నాకు కొంత డబ్బూ, ఇంట్లో కొన్ని మాటలూ మిగిలేవి.

మేముండేది డాలస్ పక్కన అర్వింగ్‌లో. 2018 చలికాలంలో ఉపగ్రహ రేడియో సేవ నడిపే సిరియస్ ఎక్స్ఎం వాళ్ల ఆనిక్స్ ప్లస్ అనే రేడియో కొన్నాను. అప్పటికి మా వాకిట్లో బండ్లు మూడు: నా 2009 క్యామ్రీ, మా ఆవిడ నడిపే 2006 ఒడిస్సీ, ఆఫీసు వాళ్లిచ్చిన 2016 ఎఫ్-150 పికప్. ఉద్యోగరీత్యా నెలకు రెండు సార్లు మిడ్‌లాండ్ వెళ్లాలి. ఐ-20 మీద 300 మైళ్ల పైనే. వెదర్‌ఫోర్డ్ దాటాక ఊరి ఎఫ్ఎంలు ఒక్కొక్కటే గరగరమంటూ వెళ్లిపోతాయి. అబిలీన్ దాటి స్వీట్‌వాటర్ గాలిమరల మధ్యకు వచ్చేసరికి ఫోను కూడా వచ్చీ రానట్టుగా ఉండేది. ఒంటరిగా ఐదు గంటలు. నిద్ర రాకుండా ఏదో ఒక గొంతు కావాలి.

మూడు బండ్లకీ ఒకే రేడియో ఎందుకంటే, చందా బండికి కాదు, రేడియోకి ఉంటుంది. ప్రతి రేడియోకి ఒక ఐడీ ఉంటుంది, చానల్ 0కి తిప్పితే తెర మీద కనిపిస్తుంది. చందా ఆ నంబరు మీద నడుస్తుంది. కంపెనీ నుంచే రేడియో బిగించి వచ్చిన కార్లు మూడుంటే మూడు చందాలు. తీసి పెట్టుకునే రేడియో అయితే అది ఏ బండిలో ఉంటే చందా ఆ బండిలో ఉన్నట్టు. మా ఇంట్లో ఎలాగూ ఒక్కసారి ఒక్కరమే వింటాం కాబట్టి లెక్క సరిపోయింది. ఇద్దరూ ఒకే వేళకి వేర్వేరు బండ్లలో ఆఫీసుకి వెళ్తూ ఇద్దరూ వినాలనుకునే ఇళ్లలో ఈ లెక్క కుదరదు.

'పోర్టబుల్' అన్న మాట దగ్గర నేను మోసపోయాను. ఎవరూ మోసం చేయలేదు, నేనే ఊహించుకున్నాను. జేబులో వేసుకుని పార్కులో తిరుగుతూ వినొచ్చనుకున్నా. ఈ రకం రేడియోలో బ్యాటరీ ఉండదు. డాక్ నుంచి లాగగానే ఆరిపోతుంది. ఇందులో పోర్టబుల్ అంటే ఒక డాక్ నుంచి తీసి ఇంకో డాక్‌లో పెట్టుకోవచ్చు అని అర్థం, అంతే. బ్యాటరీ ఉన్నవి ఒకప్పుడు వచ్చేవి, ఐనో, ఎక్స్ఎంపీ3 లాంటివి. ఇప్పుడు అవి సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకవు. నడుస్తూ వినడానికి ఫోనులో వాళ్ల యాప్ ఉంది కదా, ఆ ముచ్చట అక్కడే తీర్చుకోవచ్చు.

మొదటి ఏడాది ఒకే కిట్టును మూడు బండ్లకీ మార్చాను. రేడియో తీయడం ఒక్క క్షణం పని. డాక్ ఊడదీసి, పవర్ తీగ లాగి, టాపు మీది యాంటెనా తెచ్చి, దాని పొడుగాటి తీగ చుట్టి, ఇంకో బండిలో మళ్లీ అదంతా పరిస్తే పదిహేను నిమిషాలు. పొద్దున్నే ఆఫీసు హడావుడిలో ఆ పని చేస్తుంటే మా ఆవిడ ఒకసారి అంది, "ఏవండీ, మీ రేడియోకి పెళ్లి చేసి అత్తారింటికి పంపిస్తున్నట్టుంది ఈ సంబరం." ఆ శనివారమే ఇంకో కిట్టు ఆర్డరు పెట్టాను. బండికి ఒక డాక్, ఒక యాంటెనా శాశ్వతంగా బిగించి వదిలేయాలి. మారాల్సింది రేడియో ఒక్కటే. అదనపు కిట్టు నాకు 40 డాలర్ల పైచిలుకు పడింది. కాబట్టి కొనేటప్పుడు రేడియో ధర చూడొద్దు, 'రేడియో, దానికి తోడు బండ్లన్నిటికీ కిట్లు' ధర చూడండి.

మూడో కిట్టు దగ్గర కక్కుర్తి పడ్డాను. ఆన్‌లైన్లో ఒకాయన వాడిన డాక్ సగం ధరకే పెడితే తీసుకున్నా. 'అన్ని మోడళ్లకీ పనిచేస్తుంది' అని రాశాడు. డబ్బా విప్పి చూస్తే పాత తరం డాక్. అదృష్టం కొద్దీ తగిలించే ముందు అడాప్టర్ మీది చిన్న అక్షరాలు చదివాను. నా రేడియో డాక్ 5 వోల్టులది, ఆయన పంపిన అడాప్టర్ అంతకంటే ఎక్కువది. పెట్టి ఉంటే రేడియో కాలిపోయేదేమో. వాడిన సామాను కొనడం తప్పు కాదు, కానీ పిన్ను పట్టింది కదా అని కరెంటు కూడా సరిపోతుందనుకోవద్దు.

ఇక శబ్దం సంగతి. ఆక్స్ రంధ్రం (బయటి పరికరం తీగ గుచ్చే చోటు) ఉన్న బండి అయితే మూడున్నర మిల్లీమీటర్ల తీగ ఒకటి పెట్టి ఈ పేరా వదిలేయండి. క్యామ్రీలో, పికప్‌లో నేను చేసింది అదే. ఒడిస్సీలో ఆక్స్ లేదు. అక్కడ రేడియో తనే ఒక బుల్లి ఎఫ్ఎం స్టేషన్ అయిపోతుంది. డాక్‌లోంచి ఒక ఫ్రీక్వెన్సీ మీద ప్రసారం చేస్తే బండి ఎఫ్ఎం దాన్ని పట్టుకుంటుంది. వినడానికి బాగుంది. కానీ లైసెన్సు లేని ఇలాంటి ట్రాన్స్‌మిటర్లకు అమెరికాలో చట్టం చాలా తక్కువ పవర్ మాత్రమే ఇస్తుంది. డాలస్ లాంటి ఊళ్లో ఎఫ్ఎం మీద ఖాళీ చోటు దొరకడమే గగనం. దొరికిన ఖాళీ పాతిక మైళ్లు పోయాక ఖాళీగా ఉండదు. ఒకసారి వేకో దగ్గర మా ఆవిడ వింటున్న వార్తల మీదకి ఎవరో పాస్టర్ గారి ప్రసంగం ఎక్కి కూర్చుంది. మళ్లీ వెతుకు, డాక్‌లో మార్చు, బండిలో మార్చు. డ్రైవ్ చేస్తూ చేయదగ్గ పని కాదది. చివరికి బండి ఎఫ్ఎం యాంటెనా తీగకే నేరుగా కలిపే చిన్న అడాప్టర్ ఒకటి పెట్టించాను. స్టీరియో బయటికి లాగాలి కాబట్టి కార్ ఆడియో షాపులో గంట పని. ఆ తర్వాత పాస్టర్ గారు మళ్లీ రాలేదు. క్యాసెట్ ప్లేయర్ ఉన్న ఇంకా పాత బండి అయితే క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ దొరుకుతుంది. ఎఫ్ఎం కంటే అదే నయం, మా స్నేహితుడి పాత బండిలో విన్నాను.

యాంటెనా గురించి చెప్పాలంటే నాన్నతో మొదలుపెట్టాలి. గుంటూరులో మా ఇంట్లో వరల్డ్‌స్పేస్ అనే ఉపగ్రహ రేడియో ఉండేది. స్పందన అని తెలుగు చానల్, శ్రుతి అని కర్ణాటక సంగీతం చానల్. 2000లో ఎగిరిన ఆసియాస్టార్ అనే ఉపగ్రహం నుంచి వచ్చేవి. ఆ ఉపగ్రహం 105 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద కదలకుండా ఉండేది, అంటే మా కిటికీలోంచి చూస్తే ఆగ్నేయ మూల. నాన్న పలక లాంటి ఆ యాంటెనాని కిటికీ ఊచకు కట్టి, సిగ్నల్ గీతలు చూసుకుంటూ బెత్తెడు బెత్తెడు జరిపేవాడు. పక్కింటి వాళ్లు మేడ మీద మేడ వేసేదాకా బ్రహ్మాండంగా వచ్చింది. కదిలే బండిలో అది పనిచేసేది కాదు. 2009 డిసెంబరు 31తో ఇండియాలో ఆ సేవే ఆగిపోయింది. రేడియో ఇంకా మా అటక మీద ఉంది.

ఇక్కడి పద్ధతి వేరు. నా రేడియో అందుకునే ఎక్స్ఎం ఉపగ్రహాలు 85, 115 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల దగ్గర ఉంటాయి, ఒకటి కనబడకపోతే ఇంకొకటి. పెద్ద ఊళ్లలో మేడల మధ్య నీడ పడే చోట్ల నేల మీద రిపీటర్లు, అంటే సిగ్నల్‌ను మళ్లీ ప్రసారం చేసే స్తంభాలు, ఉన్నాయి. పైగా రేడియో కొన్ని సెకన్ల పాటను ముందే దాచుకుంటుంది కాబట్టి ఫ్లైఓవర్ కింద నుంచి పోతే తెలియను కూడా తెలియదు. టెక్సాస్ దక్షిణాన ఉండటం మనకి వరం. ఉపగ్రహాలు ఆకాశంలో సగానికి పైన కనిపిస్తాయి. బిగ్ బెండ్ పార్కుకి వెళ్లినప్పుడు ఫోన్లన్నీ చేతులెత్తేశాయి, చుట్టూ కొండలు, అయినా క్యామ్రీలో బీబీసీ వరల్డ్ సర్వీస్ నిక్షేపంగా మోగింది. ఉత్తరాన మిన్నెసోటా వైపు ఉపగ్రహాలు కిందికి వాలి ఉంటాయి, అక్కడ దక్షిణం వైపు చెట్లుంటే ఇబ్బంది పెడతాయి. పార్కింగ్ గరాజు లోపల మాత్రం ఎక్కడైనా మౌనమే.

యాంటెనా అగ్గిపెట్టంత ఉంటుంది, అడుగున అయస్కాంతం. టాపు మీద, అంచుకి నాలుగు వేళ్లు ఎడంగా పెట్టాలి. లోపల డ్యాష్‌బోర్డు మీద పెట్టినా వస్తుంది, కానీ బండి ఉత్తరానికి తిరిగితే టాపే అడ్డం. తీగను డిక్కీ రబ్బరు బీడింగు కిందుగా దించి, గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ కింద దాచి ముందుకు తేవాలి. తలుపు సందులోంచి లాగితే రెండు నెలల్లో తీగ నలిగిపోతుంది. నేను ఆ పనీ చేశాను లెండి.

అసలు తమాషా పికప్ దగ్గర జరిగింది. అయస్కాంతం పెట్టాను, జారింది. మళ్లీ పెట్టాను, మళ్లీ జారింది. యాంటెనాలో లోపమనుకుని తిరిగి పంపే చీటీ కూడా తీసుకున్నా. మా పని జరిగే చోట ఉన్న వెల్డరు చూసి నవ్వాడు. 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. దానికి అయస్కాంతం ఎలా పడుతుంది? ఆయనే చిన్న ఇనుప బిళ్ల ఒకటి కోసిచ్చాడు. డబుల్ సైడ్ టేపుతో టాపుకి అంటించి దాని మీద యాంటెనా పెట్టాను. ఎన్నో వేసవులు, రెండు వడగళ్ల వానలు తట్టుకుంది. మీ బండి టాపు అద్దమో అల్యూమినియమో అయితే ముందే ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి తెచ్చి పెట్టి చూసుకోండి.

ఒక యాంటెనా పోగొట్టుకున్నాను కూడా. తప్పు నాదే, తీయకుండా ఆటోమేటిక్ కార్ వాష్‌లోకి వెళ్లాను. ఇంకో జాగ్రత్త: జూలైలో రేడియోను డాక్‌లో వదిలి బండి ఎండలో పెట్టొద్దు. తీసి సంచిలో వేసుకోండి, దొంగ కళ్లకీ కనబడదు.

వినడానికి ఏముందంటే, నాకు దారి పొడుగునా 146వ నంబరులో వచ్చే లారీ డ్రైవర్ల చానల్. వాతావరణం, రోడ్లు, వాళ్ల కష్టసుఖాలు. మన లారీ దాబాల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. తెలుగు చానల్ లేదు, దాని కోసం కొనేవాళ్లు ఆగిపోండి. నూరుకి పైగా చానళ్లు కొద్దిపాటి బ్యాండ్‌విడ్త్‌ను (సిగ్నల్‌లో ఉన్న చోటును) పంచుకోవాలి కాబట్టి శబ్దాన్ని బాగా కుదిస్తారు. రోడ్డు హోరులో పాటలకి పర్వాలేదు, ఇంట్లో మంచి స్పీకర్ల మీద వింటే తేడా పట్టేస్తారు. నాకు బాగా నచ్చింది వెనక్కి తిప్పుకునే సౌకర్యం. గంట దాకా వెనక్కి వెళ్లొచ్చు. పెట్రోలు పోయించుకుని వచ్చి, ఆపిన మాట దగ్గర నుంచే వినొచ్చు.

ఊరు దాటని వాళ్లకీ, ఫోను డేటా పుష్కలంగా ఉన్నవాళ్లకీ ఇంత తతంగం అక్కర్లేదు, యాప్ చాలు. పల్లె రోడ్ల మీద తిరిగేవాళ్లు, పాత బండ్లు రెండు మూడు ఉన్నవాళ్లు మాత్రం నిశ్చింతగా కొనొచ్చు.

పోయిన నెల పికప్ ఆఫీసుకి తిరిగి ఇచ్చేశాను. డాకూ తీగా లాగేశాను గానీ ఇనుప బిళ్ల మాత్రం ఊడలేదు. దాన్ని అలాగే వదిలేశా. ఆ డాక్ ఇప్పుడు మావాడి సెకండ్ హ్యాండ్ కరోలాలో ఉంది. దాని టాపు ఇనుమే, ఫ్రిజ్ అయస్కాంతంతో చూశాకే కొన్నాం.