మడత కత్తి: వెన్ను స్ప్రింగుదా, మెడ ఉంగరందా?

పాతకాలపు మడత కత్తుల్లో రెండు తరహాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి స్లిప్‌జాయింట్: పిడి వెన్నులో ఉన్న స్టీలు స్ప్రింగు ఒత్తిడి మీదే బ్లేడు నిలబడుతుంది. రెండోది ఒపినెల్ అనే ఫ్రెంచి కంపెనీ కత్తి తరహా: చెక్కపిడి మెడ దగ్గరున్న ఉంగరాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. ఒపినెల్ కత్తి 1890 నాటిది, ఉంగరం మాత్రం 1955లో వచ్చింది. ఈ రెండిటికీ లోపాలు వేరువేరు చోట్ల పుడతాయి కాబట్టి ఒకే తీరున పరీక్షిస్తే లాభం లేదు.

స్లిప్‌జాయింట్ పనితనమంతా స్ప్రింగు చుట్టూనే ఉంటుంది. కత్తి మూసి, వెన్నును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. స్ప్రింగుకీ పక్కనున్న ఇత్తడి పలకలకీ మధ్య వెలుతురు గీత కనిపించకూడదు. కనిపిస్తే ఆ సందులోకి దుమ్మూ తడీ చేరతాయి, గుడ్డ అక్కడిదాకా పోదు, తుప్పు లోపల్నుంచే మొదలవుతుంది. తర్వాత తెరిచి, సగం మడిచి, పూర్తిగా మూసి, మూడుసార్లూ స్ప్రింగు మీద గోరు నడపండి. గోరుకు మెట్టు తగిలిందంటే బ్లేడు మొదలును సమంగా అరగదీయలేదన్నమాట. సగం మడతలో గోరుకు తగిలీ తగలనంత తేడా ఉన్నా ఫరవాలేదు, తెరిచినప్పుడు మెట్టు ఉంటే మాత్రం వద్దు.

బ్లేడు 'టక్' మంటూ తెరుచుకోవాలి. చివర్లో బద్ధకిస్తే కీలులో ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి ఇరవై ముప్పైసార్లు తెరిచి మూయండి. నల్లటి మడ్డి బయటికొస్తే తుడిచి మళ్లీ వేయాలి. నూనె శుభ్రంగా వస్తున్నా బద్ధకం పోలేదంటే స్ప్రింగే నీరసం, దానికి ఇంట్లో మందు లేదు. పక్కలకు కొద్దిగా ఊగే బ్లేడును, కీలులోని పిన్ను తలను సున్నితంగా కొట్టి బిగించవచ్చు. పైకీ కిందికీ ఊగుతుంటే ఆ కత్తి ముట్టుకోకండి.

చాలామంది చూడనిది ఇంకొకటి ఉంది. మూసేటప్పుడు వాదర లోపలి స్ప్రింగుకు కొట్టుకుంటుందేమో చూడాలి. పిడి గాడి అడుగున సన్నని కాగితపు ముక్క పెట్టి, వేళ్లు దూరంగా ఉంచి, బ్లేడును దానంతట అదే మూసుకోనివ్వండి. కాగితం తెగిందా, వాదర తగులుతున్నట్టే. ఎంత సానపట్టినా ఒకేచోట మొద్దుబారుతుంటే కారణం ఇదే. మొన బయటికి కనిపిస్తోందని బ్లేడు మొదట్లోని బొడిపెను ఆకురాయితో అరగదీస్తారు కొందరు. బ్లేడును ఆపేది ఆ బొడిపే, అది తగ్గితే వాదర ఇంకా లోతుకు దిగి కొట్టుకుంటుంది.

ఒపినెల్ తరహాలో చూడాల్సింది తక్కువ: చెక్క, పిన్ను, ఉంగరం. చెక్క తడి పీలిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు గోటితో లాగి గోరు విరగ్గొట్టుకోవద్దు. ఉంగరం తాళం తీసి, పిడి అడుగు భాగాన్ని బల్ల మీద కొడితే బ్లేడు కొంచెం బయటికొస్తుంది. ఆరాక కూడా బిగువుగానే ఉంటే గాడి లోపలి గోడల్ని సన్న గరుకు కాగితంతో రుద్దాలి, రెండు మూడు రుద్దులకోసారి ఆపి చూడాలి. ఎక్కువ తీస్తే పొడి రోజుల్లో బ్లేడు వదులైపోతుంది. ఉంగరం తిప్పేకొద్దీ బిగుసుకోవాలి. కొత్త కత్తిలోనే చివరంటా తిరిగిపోయి, అయినా బ్లేడు కదులుతుంటే తిరిగి ఇచ్చేయండి. ఉంగరమే వదులుగా తిరుగుతుంటే ఊడదీసి పట్టకారుతో కొంచెం నొక్కితే సరి.

స్టీలు విషయంలో రెండు తరహాలూ సమానమే: కార్బన్‌దీ, స్టెయిన్‌లెస్‌దీ రెండిట్లోనూ దొరుకుతాయి. కార్బన్ బ్లేడుతో నిమ్మకాయ కోస్తే వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

చేత్తో తెరిచి చూసి ఎంచుకునే వీలుంటే నా ఓటు స్లిప్‌జాయింట్‌కే. బాగా కుదిరినది జేబులో పలచగా ఒదుగుతుంది, గాలిలో తడి ఎంతున్నా ఒకేలా తెరుచుకుంటుంది. చూడకుండా తెప్పించుకోవాలంటే ఒపినెల్ తరహాయే మేలు, ఎందుకంటే దాని లోపాల్లో ఎక్కువ భాగం గరుకు కాగితంతో, పట్టకారుతో తీరేవే. మొనతో పొడిచి తొలిచే పని ఉన్నా అదే తీసుకోండి. స్లిప్‌జాయింట్‌కు తాళం ఉండదు, మొన మీద బలం పడితే బ్లేడు వేళ్ల మీదికే మడుచుకుంటుంది.