లెదర్ బ్యాగ్ లోపల ఏం పెట్టాలి: కాగితమా, పాత బట్టా?

వాడని లెదర్ బ్యాగ్‌ని ఖాళీగా పడేయకూడదని అందరికీ తెలుసు. మరి లోపల ఏం పెట్టాలి? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. న్యూస్‌పేపర్, టిష్యూ పేపర్, పాత బట్ట, బ్యాగ్ కొలతకు కుట్టిన దిండు, నాలుగూ వాడి చూశాను.

న్యూస్‌పేపర్ మాత్రం వద్దు. లేతరంగు బ్యాగ్‌లో ఉండలు చుట్టి పెట్టి, నాలుగు నెలల తర్వాత తీస్తే లైనింగ్ మీద అక్షరాలు తిరగబడి అచ్చయి ఉన్నాయి. ఎంత తుడిచినా పోలేదు. ఇప్పటికీ ఆ బ్యాగ్ తెరిస్తే బాధేస్తుంది.

ఆమ్లం లేని తెల్ల టిష్యూ పేపర్‌తో ఆ భయం లేదు. చేత్తో పట్టుకునే చిన్న క్లచ్ పర్సులకు అదే చాలు. పెద్ద బ్యాగ్‌లో మాత్రం కొన్ని వారాలకే అణిగిపోతుంది.

నా ఓటు ఉతికి బాగా ఆరబెట్టిన పాత తెల్ల కాటన్ బట్టకే. ఎందుకంటే, బ్యాగ్ మొదట పాడయ్యేది రెండు చోట్ల: అడుగు మూలల్లో, హ్యాండిల్ కుట్టిన చోటికి కాస్త కింద. ఖాళీ బ్యాగ్‌ని పక్క నుంచి చూడండి. పై అంచు లోపలికి వాలి, దాని కింద అడ్డంగా ఒక మడత పడి ఉంటుంది. నెలల తరబడి అలాగే ఉంటే ఆ మడత గీతగా మిగిలిపోతుంది, తోలు ఎండితే అక్కడే పగులుతుంది. బట్టనైతే మూలల్లోకి వేళ్లతో దూర్చి, సరిగ్గా ఆ మడత పైదాకా నింపుకోవచ్చు. అణిగితే దులిపి మళ్లీ పెట్టొచ్చు.

ఎంత నింపాలన్నది ఇంకా ముఖ్యం. జిప్ బిగుసుకోకుండా సాఫీగా మూసుకోవాలి, అంతే. అంతకు మించి కుక్కితే తోలు సాగుతుంది, సాగిన తోలు మళ్లీ మామూలుగా అవదు. రంగు బట్టలు పెట్టకండి, తేమకు రంగు దిగుతుంది.

కొలతకు కుట్టిన దిండు హాయిగానే ఉంటుంది, కానీ బ్యాగ్‌కొకటి కావాలి.

తగిలించడమా, నిలబెట్టడమా అంటే నిలబెట్టడమే. కొక్కేనికి వేలాడితే బరువంతా హ్యాండిల్ మీద పడి సాగుతుంది. గొలుసు పట్టీ ఉంటే బట్టలో చుట్టి లోపల పెట్టండి, లేకపోతే తోలు మీద దాని అచ్చు పడుతుంది.

పైన ప్లాస్టిక్ కవర్ వేయకండి, లోపలి తేమ బయటికి పోక బూజు పడుతుంది. దుమ్ము పడకుండా వేసే బట్ట సంచి లేకపోతే దిండు గలీబు చాలు. గదిలో తేమ 50 శాతం అటూ ఇటూ ఉంటే తోలుకు మంచిది. లెదర్ క్రీమ్ రాస్తే పూర్తిగా ఇంకాకే గలీబులో పెట్టండి. స్వెడ్‌కు, అంటే పైన మెత్తని నూగు ఉండే తోలుకు మాత్రం, క్రీమ్ అస్సలు రాయకండి, మెత్తని బ్రష్ చాలు.

రెండు నెలలకోసారి నా బ్యాగులన్నీ బయటికి తీసి ఒక పూట నీడలో గాలికి ఉంచుతాను. ముక్కిన వాసన వస్తోందేమో చూసి, మూలలు నొక్కి, బట్ట అణిగిన చోట మళ్లీ సర్దుతాను.