అద్దె గ్యాస్ చేతులెత్తేసింది, డబ్బా పొయ్యి ఆదుకుంది

ట్రెక్‌కి గ్యాస్ క్యానిస్టర్ షాపులో తీసుకునేవాళ్ళు ముందు దాన్ని తూకం వేయించండి. 230 గ్రాముల గ్యాస్ పట్టే క్యానిస్టర్ ఖాళీగా సుమారు 150 గ్రాములు ఉంటుంది, నిండుగా ఉంటే 380 దాకా తూగాలి. షాపువాడు "తూకం లేదండీ, ఊపి చూడండి, ఫుల్లే" అంటే నమ్మకండి. ఊపితే లోపల ద్రవం కదిలే చప్పుడు సగం ఉన్నా వస్తుంది, పావు ఉన్నా వస్తుంది. మా బావకి సరిగ్గా ఈ మాటే చెప్పి, మూత ఊడిపోయిన వాడేసిన క్యానిస్టర్‌ని కొత్తదంటూ అంటగట్టారు. నిండు క్యానిస్టర్‌కి తీసుకునే డబ్బే తీసుకున్నారు, పైగా స్టవ్‌కి డిపాజిట్ వేరే.

నా సామాను నేను తెచ్చుకున్నాను. కూల్‌డ్రింక్ డబ్బాలతో ఇంట్లో చేసుకున్న స్పిరిట్ (ఇథనాల్) పొయ్యి, దానికి తగ్గ విండ్‌స్క్రీన్ (మంటకి గాలి తగలకుండా చుట్టూ నిలబెట్టే అల్యూమినియం రేకు కోన్), ఒక అల్యూమినియం గిన్నె. బావకి అది నచ్చలేదు. "ముగ్గురికి వంట ఈ డబ్బా మీదా? పిల్లలాటలా ఉందిరా" అన్నాడు. అక్క మా ఇద్దరికీ సర్దిచెప్పి, రెండూ పట్టుకెళ్దామంది.

మొదటి మజిలీ దాకా దారి బాగుంది, టెంట్ వేసిన చోటు బాగుంది, గ్యాస్ కూడా బాగానే వెలిగింది. అసలు గొడవంతా షెల్టర్ దగ్గర మొదలైంది.

దాదాపు 3,000 మీటర్ల ఎత్తులో రాతిగోడల షెల్టర్ అది. బస డబ్బు ముందే కట్టించుకున్నారు. అప్పుడు వంటగది ఉంది, వేడినీళ్ళకు ఢోకా లేదు అన్నారు. మేం చేరేసరికి చీకటి పడుతోంది, చలిగాలి ఈడ్చి కొడుతోంది. వంటగదికి తాళం. "పెద్ద గ్రూపులు ముందే చెబితేనే తెరుస్తాం" అన్నాడు కేర్‌టేకర్. రసీదు చూపిస్తే కన్నెత్తి చూడలేదు. ఒక్క ఫ్లాస్కుడు వేడినీళ్ళు ఇమ్మని అక్క అడిగితే, లోపల తన స్టవ్ మీద కెటిల్ ఆవిరి కక్కుతుండగానే లేవని చెప్పాడు. పరుపులు చెమ్మగా ఉన్నాయి. దుప్పటి మడత విప్పితే బూజు వాసన గుప్పుమంది. అక్కకి పళ్ళు టకటకలాడుతున్నాయి.

లోపల స్టవ్ వెలిగించడానికి వీల్లేదన్నాడు. ఆ మాట మాత్రం న్యాయమైనదే. మూసిన గదిలో, టెంటులో ఏ స్టవ్ వెలిగించినా కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీయగలదు. కానీ మూడు వైపులా తెరిచి ఉన్న వరండాలో, గాలి కాస్త తక్కువగా ఉన్న మూల కూడా వద్దన్నాడు. గోడకి మసి పడుతుందట. డబ్బు కట్టినవాళ్ళని ఆ గాలిలోకి నెట్టడం ఎక్కడి మర్యాదో నాకిప్పటికీ అర్థం కాదు. ఎక్కడికి వెళ్ళినా, షెల్టర్ బుక్ చేసేటప్పుడు "వంటగది ఉందా" అని అడిగితే సరిపోదు. "మేం చేరిన రోజు మాకోసం తెరుస్తారా" అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

షెల్టర్ వెనక ఒక బండ చాటున బావ గ్యాస్ స్టవ్ పెట్టాడు. మంట వచ్చింది గానీ గాలికి ఒక పక్కకి వాలిపోయింది. గిన్నెకి తగలాల్సిన వేడి సగం గాల్లో కలిసిపోతోంది. కాసేపటికి క్యానిస్టర్ పక్కల తెల్లగా మంచు పూత కట్టింది. లోపలి ద్రవం ఆవిరయ్యేటప్పుడు తనలోని వేడినే వాడుకుంటుంది కాబట్టి క్యానిస్టర్ బయటి చలికన్నా ఎక్కువ చల్లబడిపోతుంది. అది చల్లబడేకొద్దీ ప్రెషర్ పడిపోతుంది. నీళ్ళ అడుగున చిన్న బుడగలు కట్టాయి. అంతే. మంట సన్నబడి, ఒక్కో రంధ్రం దగ్గర నీలం చుక్కగా మిగిలి, ఆరిపోయింది.

చలిలో గ్యాస్ ఎందుకు మొరాయిస్తుందో తెలుసుకుంటే ఏది కొనాలో తెలుస్తుంది. సముద్రమట్టం దగ్గర బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర. ఎత్తుకి వెళ్తే ఈ లెక్క కొద్దిగా మనవైపు మొగ్గుతుంది గానీ, ఒట్టి బ్యూటేన్ నింపిన చౌకరకం క్యానిస్టర్ గడ్డకట్టే చలిలో నీరసపడక తప్పదు. మిశ్రమంలో కూడా ప్రొపేన్ ముందు ఎక్కువగా ఖర్చయిపోయి, అడుగున మిగిలేది ఎక్కువగా బ్యూటేనే. అందుకే చివరి పావు భాగం ఎప్పుడూ ఏడిపిస్తుంది. లేబుల్ మీద ఐసోబ్యూటేన్, ప్రొపేన్ అని ఉన్నదే తీసుకోండి. రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

మాది చలి ఒక్కటే కాదు, మోసం కూడా అని కాసేపట్లోనే తేలింది. పక్కనున్న నీటిగుంటలో క్యానిస్టర్ వదిలి చూశాం. నిండుది బాగా మునిగి, ఖాళీది పైకంటా తేలుతుంది. కొన్ని కంపెనీలు ఈ మట్టం తెలిసేలా క్యానిస్టర్ మీద గీతలు కూడా ముద్రిస్తాయి. మాది దాదాపు పూర్తిగా పైకి తేలింది. ఒక్క సాయంత్రం వంటకి అంత గ్యాస్ కాలే ప్రసక్తే లేదు. బావ దాన్ని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, నీ డబ్బా తియ్యి" అన్నాడు.

దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతతో 18 మిల్లీలీటర్ల స్పిరిట్ పోశాను. స్పిరిట్ సీసా సాయంత్రం నుంచి జాకెట్ లోపలి జేబులోనే ఉంది, ఎందుకంటే బాగా చల్లబడిన స్పిరిట్ త్వరగా అంటుకోదు. ముందు డబ్బా నడిమధ్య గుంటలో పసుపు మంట లేచింది. అర నిమిషం గడిచేసరికి లోపల సన్నగా గుడగుడమని చప్పుడు. అంచు చుట్టూ ఉన్న సూది రంధ్రాల్లోంచి ఒకటి, రెండు, ఆ తర్వాత అన్నీ, నీలం మొనలు బయటికొచ్చి ఉంగరంలా నిలిచాయి. కోన్ దించి, అర లీటరు నీళ్ళతో గిన్నె పెట్టి, మూతేశాను. చుట్టూ గాలి అరుస్తోంది, కోన్ లోపల మంట నిటారుగా ఉంది. పది నిమిషాలు దాటగానే మూత ఎగరడం మొదలైంది. అక్కకి ముందు కప్పు, తర్వాత మళ్ళీ 18 మిల్లీలీటర్లు పోసి మా ఇద్దరికీ. బావ కప్పు రెండు చేతులా పట్టుకుని, "ఇంతకీ ఎంత పోశావు?" అని అడిగాడు. చెబితే నమ్మక, కొలత మూత తీసుకుని దీపం దగ్గర పెట్టి చూశాడు.

ఇలాంటి పొయ్యి చేసుకోవాలనుకునేవాళ్ళు ఎక్కువగా పొయ్యి మీదే దృష్టి పెడతారు. ఎన్ని రంధ్రాలు, ఏ డబ్బా, ఎంత మంట అని. ఇంధనం మిగిలేది అక్కడ కాదని నా గట్టి అభిప్రాయం. పొయ్యి, గిన్నె, విండ్‌స్క్రీన్ మూడూ ఒకదానికొకటి కొలిచి చేసుకుంటేనే మిగులుతుంది. లెక్క చూడండి. 20 డిగ్రీల అర లీటరు నీటిని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 167 కిలోజౌళ్ళ వేడి కావాలి. అంత వేడి 8 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో ఉంది. ఇంట్లో గాలి లేని చోట నా సెట్టుకి 15 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే సగానికి పైగా వేడి గిన్నెలోకే వెళ్తోంది. అదే పొయ్యి, అదే గిన్నె, కోన్ తీసేసి ఫ్యాన్ ఎదురుగా పెడితే 30 మిల్లీలీటర్లు కాలిపోయినా నీళ్ళు మరగలేదు.

పొయ్యి తయారీ కష్టం కాదు. రెండు డబ్బాల అడుగు భాగాలు కత్తిరించాలి, ఒకటి మూడున్నర సెంటీమీటర్ల ఎత్తు, రెండోది రెండున్నర. డబ్బా గోడ మందం దాదాపు 0.1 మిల్లీమీటరే, మామూలు కత్తెరకే తెగుతుంది. కానీ అంచు బ్లేడులా కోస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి. మిగిలిన డబ్బా గోడలోంచి ఒక పట్టీ కత్తిరించి ఉంగరంలా చుట్టి, రెండు ముక్కల అడుగున ఉండే గాడుల మధ్య నిలబెట్టాలి. పట్టీ కింది అంచున మూడు చిన్న గాట్లు పెడితే వాటిగుండా స్పిరిట్ పట్టీకీ డబ్బా గోడకీ మధ్యున్న ఖాళీలోకి పాకుతుంది. పై ముక్క నడుమ రంధ్రం పెద్దదిగా కోసి, అంచు చుట్టూ సూదితో సన్న రంధ్రాలు పొడిచి, పై ముక్కని కింది దాంట్లోకి నెమ్మదిగా దించాలి. అతుకు చుట్టూ అల్యూమినియం టేప్ అంటిస్తే ఆవిరి కారదు. రంధ్రాలు ఎక్కువైతే మంట గిన్నె పక్కలకి ఎక్కిపోయి, తొందరగా మరుగుతుంది గానీ ఇంధనం తింటుంది. నేను 16 దగ్గర ఆగాను.

కోన్ దగ్గర మాత్రం ఓపిక పట్టండి. ముందు అట్టతో చేసి, గిన్నెకి తొడిగి చూసి, తర్వాతే అల్యూమినియం రేకు కొయ్యండి. గిన్నె అంచు కోన్ పైన కూర్చోవాలి, గిన్నె అడుగుకీ పొయ్యి పైభాగానికీ మధ్య రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకన్నా దగ్గరైతే మంటకి గాలి అందక మసి కడుతుంది, దూరమైతే వేడి పోతుంది. కింద గాలి లోపలికి రావడానికి వరసగా రంధ్రాలు, పైన వేడిగాలి బయటికి పోవడానికి రెండు మూడు. గ్యాస్ స్టవ్‌కి మాత్రం ఇలా చుట్టూ మూసే తెర ఎప్పుడూ కట్టకండి. బర్నర్ క్యానిస్టర్ మీదే బిగించే రకమైతే క్యానిస్టర్ వేడెక్కి పేలగలదు.

గిన్నె వెడల్పుగా ఉండాలి, మూత ఉండాలి. టైటానియం తేలికే, కానీ వేడిని అల్యూమినియంలో పదోవంతే పాకనిస్తుంది కాబట్టి అడుగున ఒకే చోట మాడుతుంది. వండేవాళ్ళకి పల్చని అల్యూమినియమే మేలు. ఇంకొకటి, గిన్నెకి వెండిరంగు బబుల్ షీటుతో ఒక తొడుగు కుట్టుకోండి. కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టే తెరలు ఇదే సరుకు. మరిగాక గిన్నె అందులో పెట్టి పది పదిహేను నిమిషాలు వదిలేస్తే మిగతా ఉడుకు మంట లేకుండానే అయిపోతుంది. ఎత్తులో ఇది మరీ అవసరం. ప్రతి 300 మీటర్లకీ నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, 3,000 మీటర్ల దగ్గర 90 డిగ్రీలకే మరిగిపోతాయి. అందుకే ఏదైనా ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది.

బరువులు: పొయ్యి 12 గ్రాములు, కోన్ 35, మూతతో గిన్నె 120, తొడుగు 25, ఖాళీ స్పిరిట్ సీసా 20. మొత్తం 212. సీసాలో 300 మిల్లీలీటర్ల స్పిరిట్ పోస్తే ఇంకో 240 గ్రాముల లోపే. బావ క్యానిస్టర్ నిజంగా నిండుగా ఉండి ఉంటే అదొక్కటే 380. అయితే పెద్ద ప్రయాణాలకి గ్యాసే గెలుస్తుంది, ఆ మాట దాచను. కిలో ఇథనాల్‌లో సుమారు 27 మెగాజౌళ్ళ శక్తి ఉంటే, కిలో గ్యాస్‌లో 46 దాకా ఉంటుంది. రోజులు పెరిగేకొద్దీ స్పిరిట్ బరువు మీద పడుతుంది. ఇంట్లో చేసుకునే ఓపిక లేనివాళ్ళు స్వీడన్ కంపెనీ ట్రాంజియా సెట్టు చూడొచ్చు. పొయ్యి, గిన్నెలు, విండ్‌స్క్రీన్ ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా 1951 నుంచి చేస్తున్నారు. ఇత్తడి బర్నర్ ఒక్కటే 110 గ్రాములు, కానీ జీవితాంతం ఉంటుంది.

స్పిరిట్ మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్ళీ పోస్తే చేతిలో సీసాకే నిప్పంటుకుంటుంది. పొయ్యి పూర్తిగా చల్లారి, చెయ్యి పెట్టి చూశాకే పోయండి. ఆర్పడానికి పైన బోర్లించే డబ్బా ఒకటి దగ్గరుంచుకోండి. మిథనాల్ అనే ఇంకో రకం ఆల్కహాల్ జోలికి పోకండి, అది ఒంట్లోకి వెళ్తే చూపు పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడితే గిన్నె మసిబొగ్గవుతుంది. ఎండు గడ్డి, అడవి మంటల కాలంలో మంట కట్టేసే వాల్వ్ లేని ఇలాంటి స్టవ్‌లని చాలాచోట్ల నిషేధిస్తారు, బయల్దేరే ముందు కనుక్కోండి. విమానంలో స్పిరిట్‌నీ గ్యాస్‌నీ దేన్నీ రానివ్వరు, కాబట్టి దిగాక ఇంధనం ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోవాలి.

తిరిగొచ్చాక అద్దె షాపులో క్యానిస్టర్ సంగతి అడిగితే, మేమే వాడేశామన్నారు. స్టవ్ మీద గీత పడిందని డిపాజిట్‌లో కోత కూడా పెట్టారు. బావ వాదించలేదు. దారిలోనే ఒక 1.3 లీటర్ల అల్యూమినియం గిన్నె కొన్నాడు, ముగ్గురికీ ఒకేసారి మరిగేలా. గిన్నె మారితే కోన్ కూడా మారాలి కాబట్టి దానికి అట్ట నమూనా గీస్తున్నాం. ఈ గిన్నెకి రంధ్రాలు 16 సరిపోవు, 20తో మొదలుపెట్టి చూడాలి.